సహనం వారిది, మరి బాధ్యత ఎవరిది?

శుక్రవారం జుమా నమాజు ముగిశాక ఇమాము గారు చేతులెత్తి దుఆ చేస్తారు. పాలస్తీనా పేరు వినగానే మసీదంతా ఒక్క గొంతుతో "ఆమీన్" అంటుంది. కొందరి కళ్ళు చెమ్మగిల్లుతాయి. బయటికి వచ్చి చెప్పులు తొడుక్కుంటూ, "ఏం సబ్ర్ అండీ వాళ్ళది! మనలాంటి వాళ్ళ వల్ల అవుతుందా?" అని చెప్పుకుంటాం. తర్వాత ఇళ్ళకు వెళ్ళి భోజనాలకు కూర్చుంటాం.

ఆ మాటలో అబద్ధం లేదు. ప్రేమ కూడా ఉంది. అయితే కాస్త నిలబడి ఆలోచిస్తే ఆ మాట వెనుక మనకు తెలియకుండానే ఒక సౌకర్యం దాగి ఉందని అర్థమవుతుంది. ఎదుటివారి సహనాన్ని మెచ్చుకుంటే మన లెక్క సరిపోయిందనుకునే సౌకర్యం అది. సహనం బాధ అనుభవిస్తున్నవారి సుగుణం. మరి ఆ బాధను చూస్తున్నవారి ధర్మం ఏమిటి? పొగడటమేనా? ఈ ప్రశ్నను ఈసారి పాలస్తీనా యువతీయువకుల జీవితాలను ఎదురుగా పెట్టుకొని పరిశీలిద్దాం.

ఎవరీ యువకుడు?

పాలస్తీనా యువకుడనగానే మన మనసులో రెండే చిత్రాలు మెదులుతాయి. చేతిలో రాయి పట్టుకున్నవాడు ఒకడు, కఫను చుట్టుకొని భుజాల మీద వెళుతున్నవాడు ఇంకొకడు. ఈ రెండింటి నడుమ ఒక మనిషి ఉన్నాడన్న సంగతి మరచిపోతాం. పొద్దున లేచి పుస్తకాలు సర్దుకునేవాడు, పరీక్షలంటే భయపడేవాడు, ఉద్యోగం వస్తే అమ్మకు ఏం కొనాలో లెక్కలు వేసుకునేవాడు. మన ఇంట్లో ఉన్న కుర్రవాడి లాంటివాడే.

2006లో గాజాలో పుట్టిన పిల్లవాడిని తీసుకుందాం. పేరు అవసరం లేదు, అటువంటివారు వేలమంది. అతనికి ఏడాది నిండేసరికి, 2007లో, గాజా చుట్టూ దిగ్బంధం బిగుసుకుంది. నడక నేర్చిన వయసులో 2008-09 యుద్ధం చూశాడు. ఆరేళ్ళకు 2012లో మరొకటి. ఎనిమిదేళ్ళకు 2014లో యాభై రోజుల యుద్ధం. పదిహేనేళ్ళకు 2021లో ఇంకొకటి. పదిహేడేళ్ళకు 2023 అక్టోబరు వచ్చింది. మన పిల్లలు ఏ తరగతిలో ఎన్ని మార్కులు వచ్చాయో చెప్పి వయసును గుర్తు చేసుకుంటారు. ఆ పిల్లలు ఏ యుద్ధంలో ఏ ఇల్లు పోయిందో చెప్పి గుర్తు చేసుకుంటారు.

అతను పుట్టిన ఆ గాజా ఎంతటిది? పొడవు సుమారు 41 కిలోమీటర్లు. అంటే మన విజయవాడ నుంచి గుంటూరు దూరం కంటే కాస్త ఎక్కువ. వెడల్పు 6 నుంచి 12 కిలోమీటర్లు. మొత్తం 365 చదరపు కిలోమీటర్లు. 2023 నాటికి అందులో 20 లక్షలకు పైగా జనం. వారిలో దాదాపు సగం మంది 18 ఏళ్ళలోపు వారు. ప్రతి పది మందిలో ఏడుగురు 1948లో ఊళ్ళు, పొలాలు పోగొట్టుకొని వచ్చిన కుటుంబాలవారు. ఆ ఏడాది దాదాపు ఏడు లక్షల మందికి పైగా పాలస్తీనీయులు నిర్వాసితులయ్యారు. తాతగారి ఇంటి తాళంచెవి ఇంకా గోడకు వేలాడుతున్న ఇళ్ళు అక్కడ ఎన్నో ఉన్నాయి.

చదువు ఉంది, పని లేదు

భూమి పోయినవారు చదువును పట్టుకున్నారు. 1949లో ఏర్పడిన ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ 'ఉన్రా' శిబిరాల్లో బడులు పెట్టింది. 2023కు ముందు ఒక్క గాజాలోనే దాదాపు మూడు లక్షల మంది పిల్లలు ఆ బడుల్లో చదివేవారు. భవనాలు చాలక పొద్దున ఒక జట్టు, మధ్యాహ్నం మరో జట్టు కూర్చునేవారు. అయినా అక్షరాస్యతలో పాలస్తీనీయులు ముందు వరుసలో నిలిచారు. నూటికి 97 మందికి చదవడం, రాయడం వచ్చు. 1978లో గాజాలో ఇస్లామిక్ యూనివర్సిటీ మొదలైంది. విశ్వవిద్యాలయాల్లో అమ్మాయిల సంఖ్య అబ్బాయిలను మించిపోయింది.

మరి ఆ చదువు వారికి ఏమిచ్చింది? 2022లో గాజాలో నిరుద్యోగం దాదాపు 45 శాతం. యువతలో అయితే 60 శాతానికి దగ్గర. ఇంజనీరింగు పట్టా గోడకు తగిలించి, కింద వీధిలో తోపుడుబండి పెట్టుకున్నవారు ఎందరో. ఆడపిల్లల సంగతి మరీ కష్టం. అంతమంది చదివినా పాలస్తీనా మహిళల్లో పనిచేస్తున్నవారు, పని వెతుక్కుంటున్నవారు కలిపి నూటికి ఇరవై మంది కూడా లేరు.

"కష్టపడితే ఎక్కడైనా బ్రతకవచ్చు" అని మనం మన పిల్లలకు చెబుతుంటాం. ఇక్కడ ఆ సామెత ఎందుకు చెల్లలేదో చూద్దాం.

సరుకు తయారుచేసి అమ్ముదామంటే గాజా నుంచి సరుకు బయటికి వెళ్ళే దారులు మూసేశారు. సముద్రంలో చేపలు పడదామంటే ఓస్లో ఒప్పందాల్లో 20 నాటికల్ మైళ్ళన్న హద్దును కొన్నిసార్లు మూడు మైళ్ళకు కుదించారు. కంప్యూటరు ముందు కూర్చొని విదేశాల పని చేద్దామంటే కరెంటు రోజులో కొన్ని గంటలే. మొబైల్ ఇంటర్నెట్ వేగం కూడా వారి చేతుల్లో లేదు. వెస్ట్ బ్యాంక్ కు 3జి సేవలు 2018 జనవరిలో గాని రాలేదు. గాజాకు అప్పుడు కూడా ఇవ్వలేదు. అయినా 2011లో మొదలైన 'గాజా స్కై గీక్స్' వంటి కేంద్రాల్లో కుర్రవాళ్ళు, అమ్మాయిలు ప్రోగ్రామింగ్ నేర్చుకొని పనులు సంపాదించారు. పని పూర్తయ్యాక డబ్బు అందుకోవడం మరో యాతన. ప్రపంచమంతా వాడే పేపాల్ సంస్థ ఇజ్రాయిల్ వారికి సేవలందించింది గాని వెస్ట్ బ్యాంక్, గాజాలలోని పాలస్తీనీయులకు అందించలేదు.

వెస్ట్ బ్యాంక్ లో గోడ వేరు, కథ ఒకటే. ఓస్లో ఒప్పందాల కింద ఆ నేలలో సుమారు 60 శాతాన్ని 'సి' ప్రాంతమన్నారు. అక్కడ ఇల్లు కట్టాలన్నా, బావి తవ్వాలన్నా ఇజ్రాయిల్ సైనిక అధికారుల అనుమతి కావాలి. అది దొరకడం గగనం. 2002 నుంచి కట్టిన అడ్డుగోడ చాలా ఊళ్ళను వారి పొలాల నుంచి విడదీసింది. అక్కడ 80 వేల నుంచి లక్ష కుటుంబాల దాకా ఆలివు పంట మీద ఆధారపడి ఉన్నాయి. సొంత చెట్ల కాయలు కోసుకోవడానికి గేటు తెరిచే రోజు కోసం ఎదురుచూసే రైతులు వారిలో ఉన్నారు.

పని లేనివారు గోడ అవతలికే కూలికి వెళ్ళారు. 2023 అక్టోబరుకు ముందు వెస్ట్ బ్యాంక్ నుంచి దాదాపు లక్షన్నర మంది ఇజ్రాయిల్ లోనూ, యూదు వలస కాలనీల్లోనూ పనిచేసేవారు. ఎక్కువగా భవన నిర్మాణ పనులే. తెల్లవారుజామున మూడింటికి లేచి తనిఖీ కేంద్రం దగ్గర వరుసలో నిలబడాలి. చాలామంది ఆ అనుమతి పత్రం కోసం దళారులకు నెలనెలా డబ్బు కట్టేవారు. తన తాత ముత్తాతల నేల మీద ఇతరులకు ఇళ్ళు కట్టి, తనకు ఇల్లు కట్టుకునే అనుమతి లేక తిరిగి వచ్చే కుర్రవాడి మనసు ఎలా ఉంటుందో ఊహించండి.

పెళ్ళి ఎప్పుడు?

ఏ ముస్లిం ఇంట్లోనైనా కొడుకు ఎదిగాక తల్లి ఎదురుచూసేది పెళ్ళి కోసమే. వివాహాన్ని సులభం చేయమని మన ధర్మం చెప్పింది. పాలస్తీనాలో వరుడు మహర్ ఇవ్వాలి, కాపురానికి ఒక గది అయినా చూపాలి. సాధారణంగా తండ్రి ఇంటి మీద మరో అంతస్తు వేస్తారు. అనుమతి లేకుండా కట్టినదాన్ని కూల్చేస్తారన్న భయం వెస్ట్ బ్యాంక్ లో. సిమెంటు రాని దిగ్బంధం గాజాలో. ఉద్యోగం లేక పెళ్ళి లేదు, ఇల్లు లేక పెళ్ళి లేదు. పెళ్ళయినవారికి ఇంకో చిక్కు. గాజా అమ్మాయిని వెస్ట్ బ్యాంక్ అబ్బాయికి ఇచ్చి చేస్తే, ఆ దంపతులు ఒకే ఇంట్లో ఉండటానికి సైన్యం అనుమతి కావాలి.

ఈ సంగతులు ఎందుకు ఇంత వివరంగా చెప్పుకుంటున్నాం? ఎందుకంటే మనం పొగిడే ఆ 'సబ్ర్' మనకు కనిపించేది బాంబు పడిన రోజున మాత్రమే. కాని ఆ యువకుడు మోస్తున్న బరువులో ఎక్కువ భాగం బాంబు పడని రోజులదే. వరుసలో నిలబడిన ఉదయాలు, జవాబు రాని దరఖాస్తులు, వాయిదా పడిన నిఖాహ్. వీటి గురించి ఎవరూ దుఆ చేయరు.

2023 తర్వాత

2023 అక్టోబరు 7న హమాస్ తదితర సాయుధ దళాలు ఇజ్రాయిల్ పై దాడి చేశాయి. సుమారు 1,200 మంది మరణించారు, వారిలో ఎక్కువమంది పౌరులు. సుమారు 250 మందిని బందీలుగా పట్టుకుపోయారు. ఇక్కడ మనం మాటలు నమలకూడదు. యుద్ధంలో సయితం స్త్రీలను, పిల్లలను, వృద్ధులను, ఆరాధనాలయాల్లో ఉన్నవారిని చంపరాదని దైవప్రవక్త (సల్లం) తన సేనలను కట్టడి చేశారు. పీడితుడి పేరు మీద జరిగినా ఆ కట్టడి మారదు.

దాని తర్వాత గాజా మీద జరిగినది ఒక ప్రజ మొత్తం మీద జరిగిన విధ్వంసం. 2025 అక్టోబరులో కాల్పుల విరమణ కుదిరే నాటికి గాజా ఆరోగ్యశాఖ లెక్కల ప్రకారం 67 వేల మందికి పైగా మరణించారు. విశ్వవిద్యాలయాలన్నీ కూలిపోవడమో, దెబ్బతినడమో జరిగింది. ఇందాక చెప్పుకున్న 2006లో పుట్టిన పిల్లవాడు గుర్తున్నాడు కదా! అతను 2024లో తౌజీహీ రాయాలి. అది మన ఇంటర్మీడియట్ వంటి పరీక్ష. ఆ ఏడాది గాజాలో సుమారు 39 వేల మంది ఆ పరీక్ష రాయలేకపోయారు. 2025లో ఆన్ లైన్ ద్వారా ఆ పరీక్ష పెట్టినప్పుడు, గుడారాల్లో ఉంటూ, ఇంటర్నెట్ అందే చోటు వెతుక్కుంటూ వెళ్ళి వేలాదిమంది రాశారు.

పని సంగతి చెప్పనక్కర్లేదు. 2024లో గాజాలో నిరుద్యోగం దాదాపు 80 శాతానికి చేరిందని అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా వేసింది. గోడ అవతల పనిచేసే వెస్ట్ బ్యాంక్ కూలీల అనుమతులు దాదాపు అన్నీ నిలిపివేయడంతో అక్కడ కూడా నిరుద్యోగం 30 శాతం దాటింది. 2025 మొదట్లో జెనీన్, తుల్కరం, నూర్ షమ్స్ శిబిరాల నుంచి సుమారు 40 వేల మంది ఇళ్ళు వదలి వెళ్ళవలసి వచ్చింది.

సబ్ర్ అంటే ఏమిటి?

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. సబ్ర్ అంటే నోరు మూసుకొని పడి ఉండటమా? హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) గారి సహనాన్ని దివ్యఖుర్ఆన్ అందమైన సహనంగా వర్ణించింది. ఆయన ఏడ్వకుండా ఉన్నారా? కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకున్నారు. ఊరకే కూర్చున్నారా? మిగిలిన కొడుకులను పిలిచి, వెళ్ళి యూసుఫ్ ను వెతకండి, దైవ కారుణ్యం పట్ల నిరాశ చెందకండి అని పంపారు. అంటే ఆయన సహనంలో కన్నీరు ఉంది, ఆశ ఉంది, వెతుకులాట ఉంది. లేనిదల్లా అల్లాహ్ మీద నింద ఒక్కటే.

మరో సంఘటన చూడండి. ఒక అన్సారీ సోదరుడు దైవప్రవక్త (సల్లం) వద్దకు యాచనకు వచ్చారు. "ఓర్చుకో" అని చెప్పి పంపారా? లేదు. ఇంట్లో ఏముందని అడిగి, ఉన్న ఒక దుప్పటి, ఒక గిన్నె తెప్పించి, రెండు దిర్హములకు అమ్మించారు. ఒక దిర్హముతో ఇంటివారికి ఆహారం, రెండో దిర్హముతో గొడ్డలి కొనమన్నారు. ఆ గొడ్డలికి తన స్వహస్తాలతో పిడి బిగించి, పదిహేను రోజుల దాకా కట్టెలు కొట్టి అమ్ముకోమని పంపారు. ఆ మనిషి పది దిర్హములు సంపాదించుకొని తిరిగి వచ్చాడు.

ఈ సంఘటనను మనం ఎప్పుడూ యాచించేవాడికి పాఠంగానే చెబుతాం. చూసేవాడికి కూడా ఇందులో పాఠం ఉంది. గొడ్డలికి పిడి బిగించిన చేతులు ఎవరివి? పాలస్తీనా యువకుడికి చేతుల్లో బలం ఉంది, తలలో చదువు ఉంది. అతని గొడ్డలిని లాక్కున్నారు, అడవి చుట్టూ కంచె కట్టారు. 2023కు ముందే గాజాలో నూటికి 80 మంది ఏదో ఒక సహాయం మీద ఆధారపడ్డారు. అది వారి సోమరితనం కాదు. పని చేయాలనుకునే మనిషిని యాచకుడిగా మార్చడం అతని అన్నాన్ని లాక్కోవడం కంటే పెద్ద దౌర్జన్యం. అటువంటివాడికి సబ్ర్ బోధించి వెళ్ళిపోతే మనం ప్రవక్త (సల్లం) సంప్రదాయంలో సగాన్ని వదిలేసినట్టే.

ఆ పత్రాన్ని చించింది ఎవరు?

దిగ్బంధం మన చరిత్రకు కొత్త కాదు. దైవదౌత్యం ఏడో సంవత్సరంలో మక్కా ఖురైషులు బనూ హాషిం, బనూ ముత్తలిబ్ వంశాల మీద ఒక ఒప్పంద పత్రం రాసి కాబా గృహంలో వేలాడదీశారు. వారితో పెళ్ళి సంబంధాలు లేవు, కొనుగోళ్ళు లేవు, అమ్మకాలు లేవు. మూడేళ్ళ పాటు వారు షిఅబె అబూ తాలిబ్ లోయలో ఆకులు తిని బ్రతికారు. ఆకలికి ఏడ్చే పిల్లల గొంతు లోయ బయటికి వినిపించేది. పెళ్ళి, వ్యాపారం, ఆహారం. పద్నాలుగు వందల ఏళ్ళ తర్వాత కూడా దిగ్బంధం తాకేది ఈ మూడింటినే.

లోపల ఉన్నవారి సబ్ర్ ను మనం ఖుత్బాల్లో చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. కాని ఆ దిగ్బంధం ఎలా ముగిసింది? దాన్ని ముగించడానికి నడుం కట్టింది బయట ఉన్నవారు. హిషాం బిన్ అమ్ర్ అనే మనిషి రాత్రివేళ ఒంటె మీద ధాన్యం వేసి లోయ ముఖద్వారం వద్ద పగ్గం తీసి లోపలికి తోలేవాడు. అది చాలదనిపించింది. ఒకరోజు జుహైర్ బిన్ అబీ ఉమయ్యా దగ్గరికి వెళ్ళి, నీ మేనమామలు అలా ఆకలితో మాడుతుంటే నువ్వు తిని, కట్టుకొని, హాయిగా ఉండగలవా అని నిలదీశాడు. జుహైర్ ఏమన్నాడో గమనించండి. తాను ఒక్కడిని ఏం చేయగలనని వాపోయాడు. మరొకరు తోడుంటే ఆ పత్రాన్ని చించేవాణ్ణి అన్నాడు. నేనున్నాను అన్నాడు హిషాం. అయితే మూడో మనిషిని వెతుకు అన్నాడు జుహైర్. అలా ముత్ఇమ్ బిన్ అదీ కలిశాడు. తర్వాత అబుల్ బఖ్తరీ. తర్వాత జమ్ఆ బిన్ అస్వద్. ఐదుగురయ్యారు. మర్నాడు కాబా వద్ద నలుగురి ముందు నోరు విప్పారు. అబూ జహల్ అడ్డుపడ్డాడు. అయినా ముత్ఇమ్ పత్రాన్ని చించడానికి లేచాడు. చూస్తే అల్లాహ్ పేరు తప్ప మిగిలినదంతా చెదలు తినేసి ఉంది.

ఆనాటికి ఆ ఐదుగురిలో ఎవరూ ముస్లిములు కారు. వారిని లేపింది విశ్వాసపు బంధం కాదు, అన్నం గొంతు దిగని మనస్సాక్షి. ఆ మేలును దైవప్రవక్త (సల్లం) మరచిపోలేదు. బద్ర్ యుద్ధం తర్వాత ఖైదీల విషయంలో, ముత్ఇమ్ బ్రతికి ఉండి అడిగి ఉంటే అతని కోసం వారందరినీ వదిలేసేవాడినని చెప్పారు. పీడితుడి సహనాన్ని మెచ్చుకున్నవారు మక్కాలో ఎందరో ఉండి ఉంటారు. చరిత్ర పేర్లు గుర్తుంచుకున్నది ఈ ఐదుగురివే.

ఈ సంఘటన మనకు మరో జాగ్రత్త కూడా చెబుతుంది. నేటికీ గాజా దిగ్బంధాన్ని వ్యతిరేకిస్తున్నవారిలో యూదులున్నారు, క్రైస్తవులున్నారు, ఏ మతాన్నీ నమ్మనివారున్నారు. ఒక ప్రభుత్వం చేసే దౌర్జన్యాన్ని ఒక జాతి మొత్తానికి అంటగట్టడం న్యాయం కాదు. ఏ వర్గం పట్ల ద్వేషమైనా మిమ్మల్ని న్యాయం నుంచి తప్పించకూడదన్నది దివ్యఖుర్ఆన్ బోధన.

అద్దంలో మన ముఖం

ఇతరుల తప్పు చూపించడం తేలిక. మన తప్పు కూడా చూసుకుందాం. లెబనాన్ శిబిరాల్లో పుట్టి పెరిగిన పాలస్తీనా యువకుడికి వైద్యం, న్యాయవాద వృత్తి, ఇంజనీరింగు వంటి ఎన్నో వృత్తుల తలుపులు చట్టరీత్యా మూసి ఉన్నాయి. 2001లో చేసిన చట్టంతో అక్కడ ఆస్తి కొనుక్కునే హక్కు కూడా పోయింది. ఇది చేసింది ఇజ్రాయిల్ కాదు. 1990కి ముందు కువైట్ లో దాదాపు నాలుగు లక్షల మంది పాలస్తీనీయులు ఉండేవారు. వారిలో టీచర్లు, ఇంజనీర్లు ఎందరో. ఇరాక్ దురాక్రమణ సమయంలో వారి నాయకత్వం తీసుకున్న వైఖరికి శిక్ష ఆ సామాన్యులు అనుభవించారు. 1991 తర్వాత వారిలో అత్యధికులు అక్కడి నుంచి వెళ్ళిపోవలసి వచ్చింది. అదే 1990లో కువైట్ నుంచి మన కడప, గోదావరి జిల్లాల వారు కూడా కట్టుబట్టలతో తిరిగి వచ్చారు. తేడా ఒక్కటే. మనవారికి తిరిగి రావడానికి ఒక ఊరుంది.

మరో సంగతి మన గుమ్మంలోకే వచ్చింది. పాలస్తీనా కూలీలను పనుల నుంచి ఆపేశాక ఆ ఖాళీలను నింపడానికి ఇజ్రాయిల్ మన దేశం నుంచి కార్మికులను తీసుకుంది. 2024 జనవరిలో హర్యానా, ఉత్తరప్రదేశ్ లలో, అదే ఏడాది మే నెలలో హైదరాబాద్ లో ఎంపికలు జరిగాయి. నెలకు సుమారు లక్షా 37 వేల రూపాయల జీతమన్నారు. తాపీ పని, టైల్స్ పని, సెంట్రింగు పని తెలిసిన మన పేద కుర్రవాళ్ళు వరుసలు కట్టారు. వారిని తప్పుపట్టడం మన ఉద్దేశం కాదు. అప్పులున్నవాడికి, చెల్లెలి పెళ్ళి నెత్తిమీద ఉన్నవాడికి ఆ జీతం ఎంత పెద్ద మాటో మనకు తెలుసు. కాని ఒక పేదవాడి చోటులో మరో పేదవాడిని నిలబెట్టి ఇద్దరి అవసరంతోనూ లాభపడే ఏర్పాటును న్యాయమనగలమా? ఆ కుర్రవాడు వెళ్ళకుండా ఉండాలంటే అతనికి ఇక్కడ గౌరవంగా బ్రతికే పని చూపాలి. ఆ బాధ్యత కూడా మనదే.

మన చేతుల్లో ఏముంది?

"అంత దూరంలో ఉన్నాం, మనమేం చేయగలం?" ఇది జుహైర్ అడిగిన ప్రశ్నే. హిషాం ఇచ్చిన జవాబే మనకు దారి: ముందు ఒక్కడు లేవాలి, తర్వాత రెండో మనిషిని వెతకాలి.

మొదటిది, తెలుసుకోవడం. సెల్ ఫోనులో వచ్చిన ప్రతి చిత్రాన్నీ నిజమా, కాదా చూడకుండా పంపించకూడదు. ఒక్క అబద్ధపు చిత్రం వంద నిజాలను అనుమానంలో పడేస్తుంది. రెండవది, మాట్లాడటం. అంతర్జాతీయ న్యాయస్థానం 2004లో ఆ అడ్డుగోడ చట్టవిరుద్ధమని, 2024 జూలైలో ఆ ఆక్రమణే చట్టవిరుద్ధమని అభిప్రాయం చెప్పింది. మనతో కలిసి పనిచేసే హిందూ, క్రైస్తవ సోదరులకు దీన్ని కోపం లేకుండా, ద్వేషం లేకుండా వివరించాలి. ముత్ఇమ్ వంటివారు ప్రతి వీధిలోనూ ఉంటారు, వెతకాలి. మూడవది, ఇవ్వడం. చట్టబద్ధమైన మార్గాల్లో ఇచ్చే దానం అన్నానికే పరిమితం కాకుండా చదువుకు, పనికి, తిరిగి నిలబడటానికి ఉపయోగపడేలా చూడాలి. పిడి బిగించిన గొడ్డలి అంటే అదే.

నాలుగవది అన్నిటికంటే కష్టం. మన దుకాణంలో పనిచేసే కుర్రవాడి జీతం వేళకు ఇస్తున్నామా? చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న బోధన మన గల్లా పెట్టె దగ్గర అమలవుతోందా? చదువుకున్న మన ఇంటి అమ్మాయికి పనిచేసే అవకాశం ఇస్తున్నామా? కట్నాల పేరుతో ఎవరి పెళ్ళినైనా మనమే ఆపుతున్నామా? అక్కడి దిగ్బంధానికి కన్నీరు కార్చి, ఇక్కడ మనకంటే బలహీనుడి చుట్టూ చిన్న కంచె కడితే, ఆ కన్నీటికి అల్లాహ్ వద్ద విలువ ఏముంటుంది?

సోదర సోదరీమణులారా! సహనానికి ప్రతిఫలం లెక్కలేనంతగా ఇచ్చేది అల్లాహ్. దాన్ని పాలస్తీనా యువతీయువకులు ఆయన దగ్గరే తీసుకుంటారు. దానికి మన మెచ్చుకోలు అవసరం లేదు. ప్రళయదినాన మనల్ని అడిగేది వారి సహనం గురించి కాదు. వారు సహిస్తున్నప్పుడు మనం ఎక్కడ ఉన్నాం, ఏం చేశాం అన్నదే. వచ్చే శుక్రవారం కూడా ఆమీన్ అందాం. తప్పక అందాం. కాని చెప్పులు తొడుక్కుని బయటికి వచ్చాక, రెండో మనిషిని వెతుకుదాం.

అల్లాహ్ పాలస్తీనా పిల్లలకు వారి బడులను, వారి పనులను, వారి ఇళ్ళను, వారి పెళ్ళి పందిళ్ళను తిరిగి ప్రసాదించుగాక! పీడితులకు విముక్తిని, పీడించేవారికి సద్బుద్ధిని ఇచ్చుగాక! చూస్తూ ఊరుకునేవారి జాబితా నుంచి మన పేర్లను తీసివేయుగాక! ఆమీన్.